పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు: మన సభ్యుల రిజిస్టరూ, పాస్కల్ భాషలో ఒక పాత చిక్కూ



పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దమ్మ లేచి మమ్మల్ని ఒక మాట అడిగారు. "నా బిడ్డ పెళ్ళయి భివండీ పోయింది. మీ కంప్యూటర్‌లో ఇప్పుడు మా ఇంటి కింద దాని పేరే లేదు. పెళ్ళయితే బిడ్డ మా బిడ్డ కాకుండా పోతదా?" అన్నారు. సభలో చాలామంది నవ్వారు. రిజిస్టర్ పని చూసే మేము ముగ్గురం మాత్రం నవ్వలేకపోయాం. ఆవిడ అడిగిన దాంట్లో న్యాయం ఉంది. ఆ తప్పు కంప్యూటర్‌ది కాదు, మాది. అది ఎలా జరిగిందో చెప్పాలంటే యాభై ఏళ్ళకు పైబడ్డ కథ ఒకటి చెప్పాలి. కొంచెం పొడుగే. ఓపిగ్గా చదవండి.

ముందు మన ప్రోగ్రామ్ సంగతి. డాస్ కాలంలో మన సంఘంలోని ఒక మాస్టారు దీన్ని టర్బో పాస్కల్‌లో రాసిచ్చారు. తర్వాత దాన్ని డెల్ఫీలోకి మార్చుకున్నాం. అందులో ముఖ్యమైనవి రెండే. ఒకటి 'కుటుంబం': ఇంటిపేరు, పేట, చందా, ఆ ఇంట్లో వాళ్ళ జాబితా. రెండోది 'సభ్యుడు': పేరు, పుట్టిన తేదీ, చదువు, పుట్టినిల్లు ఏది, ఆడపిల్లయితే మెట్టినిల్లు ఏది. అంటే కుటుంబానికి సభ్యులు తెలియాలి, సభ్యుడికి కుటుంబం తెలియాలి. ఇవన్నీ ఒకే ఫైల్లో ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు.

ఫైలు పెరిగి పెరిగి, ఒకరు చెయ్యి పెడితే ఇంకొకరి పని చెడుతోందని, కొన్నేళ్ళ కిందట మేము దాన్ని రెండు ముక్కలు చేశాం. కుటుంబం ఒక ఫైల్లో, సభ్యుడు ఇంకో ఫైల్లో. పాస్కల్‌లో ఇలాంటి ముక్కను యూనిట్ అంటారు. వెంటనే ప్రోగ్రామ్ మొరాయించింది. 'సర్క్యులర్ యూనిట్ రిఫరెన్స్' అని ఒక్క ముక్క చెప్పి ఆగిపోయింది. రెండు యూనిట్లూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి చక్రంలా తిరుగుతున్నాయి, దేన్ని ముందు చదవాలో తెలియడం లేదని దాని అర్థం. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అంటారే, సరిగ్గా అదే.

చందాల పుస్తకం అచ్చువేసే తొందరలో ఉన్నాం. సభ్యుడి యూనిట్‌లోంచి పుట్టినిల్లు, మెట్టినిల్లు అనే రెండు గళ్ళూ తీసేశాం. చక్రం తెగింది, ప్రోగ్రామ్ నడిచింది. కానీ ఆ రోజు నుంచి ఒక మనిషి ఒకే ఇంటి జాబితాలో ఉండాల్సి వచ్చింది. అమ్మాయి పేరు అత్తవారింటి జాబితాలోకి పోతే పుట్టింట్లో ఆనవాలు కూడా మిగల్లేదు. ఇదీ జరిగింది.

ఇక ఈ చిక్కు ఎక్కడ పుట్టిందో చూద్దాం.

పాస్కల్ భాషను చేసినవారు నిక్లాస్ విర్త్. 1934లో స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్‌లో పుట్టారు, జ్యూరిక్‌లోని ఈటీహెచ్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. అప్పటికి ఆల్గాల్ అనే భాషకు కొత్త రూపం ఇవ్వాలని అంతర్జాతీయ సంఘం ఒకటి కూర్చుంది. విర్త్, టోనీ హోర్ కలిసి ఒక చిన్న, సులువైన ప్రతిపాదన పెట్టారు. సంఘం దాన్ని కాదని చాలా పెద్ద భాష వైపు వెళ్ళింది. విర్త్ తన దారిన తాను చిన్న భాష చేసుకున్నారు. 1970లో దాని మొదటి కంపైలర్ సీడీసీ కంపెనీ పెద్ద యంత్రం మీద నడిచింది. 1971లో భాష వివరం అచ్చయింది. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త బ్లేజ్ పాస్కల్ పేరు పెట్టారు. పన్నుల లెక్కలతో సతమతమయ్యే తండ్రికి సాయంగా కూడికల యంత్రం చేసిపెట్టిన కొడుకు ఆయన.

కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రానికి అర్థమయ్యే ఆదేశాల్లోకి మార్చేది. విర్త్ కంపైలర్ మన రాతను పైనుంచి కిందికి ఒక్కసారే చదువుతుంది, వెనక్కి తిరిగి చూడదు. అప్పటి యంత్రాల్లో మెమరీ కొంచెమే, సమయం ఖరీదు. ఒక్కసారి చదివి పని ముగించడం పెద్ద పొదుపు. అందుకే ఒక కట్టుబాటు పెట్టారు: ఏ పేరునైనా వాడే ముందు అదేమిటో చెప్పి ఉండాలి. మగ్గం నేసే మన ఇళ్ళలో ఇది కొత్త కాదు. పడుగు తొడగకుండా పేక వెయ్యలేం కదా. కట్టుబాటు వల్ల ఇంకో మేలు కూడా ఉంది. చదివే మనిషికి కూడా ప్రతి మాటకూ అర్థం అంతకు ముందే దొరికిపోతుంది.

కానీ రెండు విషయాలు ఒకదాన్నొకటి పిలుచుకుంటే ఏది ముందు చెప్పాలి? ఈ ప్రశ్న విర్త్‌కు మొదట్లోనే ఎదురైంది. ఆయన రెండు చిన్న సడలింపులు ఇచ్చారు. ఒకటి 'ఫార్వర్డ్' అనే మాట. ఒక ప్రొసీజర్ పేరు, దానికి ఏమేం ఇవ్వాలో ముందు చెప్పి, అసలు పని తర్వాత రాస్తానని మాటివ్వడం. రెండోది పాయింటర్లకు ఇచ్చిన వెసులుబాటు. పాయింటర్ అంటే ఫలానా వస్తువు ఫలానా చోట ఉందని చెప్పే చిరునామా. ఇల్లు చిన్నదైనా మేడైనా చిరునామా రాయడానికి కాగితం మీద పట్టే చోటు అంతే. కాబట్టి వస్తువు వివరం ఇంకా తెలియకపోయినా దాని చిరునామాకు చోటు కేటాయించవచ్చు. వివరం అదే టైపుల భాగంలో తర్వాత చెబితే చాలు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రెండు సడలింపుల్లోనూ ఉన్నది ఒక మాట ఇవ్వడం, దాన్ని నిలబెట్టుకోవడం. ఇచ్చిన మాట అదే ఫైల్లో, దగ్గరలోనే నిలబెట్టుకోవాలి. ఫైలు దాటి మాట చెల్లదు. అప్పట్లో అదేమీ ఇబ్బంది కాదు. ఎందుకంటే మొదటి పాస్కల్‌లో ముక్కలే లేవు. ప్రోగ్రామ్ ఎంత పెద్దదైనా మొత్తం ఒకటే.

దానివల్ల పెద్ద ప్రోగ్రాములు రాసేవారు కష్టపడ్డారు. పుస్తకాలు అందంగా అచ్చువేసే టెక్ అనే ప్రోగ్రామ్‌ను డోనాల్డ్ నూత్ 1982లో పాస్కల్ ఆధారంగానే మళ్ళీ రాశారు. పాస్కల్ అడిగే వరసలో రాస్తే మనిషికి అర్థం కాదని, వెబ్ అనే సొంత పద్ధతి పెట్టుకున్నారు. ఇది ఇప్పటి ఇంటర్నెట్ వెబ్ కాదు. తనకు నచ్చిన వరసలో, కథ చెప్పినట్టు రాసుకుంటారు. ఇంకో చిన్న ప్రోగ్రామ్ ఆ ముక్కలను పాస్కల్ అడిగిన వరసలోకి సర్ది ఒకే పెద్ద ఫైలు చేస్తుంది. వరస కోసం అంత పెద్దాయన అంత ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది.

ఫైళ్ళుగా విడదీసే పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చింది అమెరికాలో శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. 1970ల చివర్లో ఆచార్య కెనెత్ బోల్స్, ఆయన విద్యార్థులు చిన్న కంప్యూటర్ల మీద నడిచే పాస్కల్ తయారుచేశారు. అందులో యూనిట్ అనే ఏర్పాటు పెట్టారు. ప్రతి యూనిట్‌కూ రెండు భాగాలు. ఇంటర్‌ఫేస్ అంటే మన ఇంటి వీధి అరుగు. వచ్చిపోయేవాళ్ళకు కనబడేది, అందరికీ చెప్పేది. ఇంప్లిమెంటేషన్ అంటే లోపలి వంటిల్లు. అక్కడ ఏం జరుగుతుందో బయటివాళ్ళకు అక్కర్లేదు. ఇంకో యూనిట్ అవసరమైతే 'యూజెస్' అని దాని పేరు రాసుకోవాలి. దాని అరుగు మీద ఉన్నవే మనకు అందుతాయి.

విర్త్ కూడా ఊరుకోలేదు. 1976-77లో అమెరికాలో జెరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో ఏడాది గడిపారు. అక్కడి మీసా అనే భాషలో ముక్కలుగా రాసే తీరు చూసి, తిరిగొచ్చి మాడ్యులా-2 చేశారు. అందులో అరుగు ఒక ఫైలు, వంటిల్లు ఇంకో ఫైలు.

మన దేశంలో మా తరం వాళ్ళకు పాస్కల్ అంటే టర్బో పాస్కలే. 1983లో బోర్లాండ్ కంపెనీ దాన్ని 49.95 డాలర్లకు అమ్మింది. అప్పటికి కంపైలర్లంటే వందల డాలర్ల మాట. దాన్ని రాసిన డెన్మార్క్ యువకుడు ఆండర్స్ హెయిల్స్‌బర్గ్. తర్వాత మైక్రోసాఫ్ట్‌లో సీ షార్ప్, టైప్‌స్క్రిప్ట్ భాషల వెనక ఉన్నదీ ఆయనే. 1987లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో టర్బో పాస్కల్‌కు యూనిట్లు వచ్చాయి. యూనిట్లతో పాటే మన చిక్కూ వచ్చింది. టర్బో పాస్కల్ తప్పుల పట్టికలో దానికి 68వ నంబరు ఇచ్చారు.

ఎందుకు వస్తుందో చూడండి. 'కుటుంబం' అరుగు మీద "నాకు సభ్యుడు కావాలి" అని రాశాం. కంపైలర్ 'సభ్యుడు' అరుగు దగ్గరికి వెళుతుంది. అక్కడ "నాకు కుటుంబం కావాలి" అని ఉంది. కుటుంబం అరుగు ఇంకా సగంలోనే ఉంది. ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. ఆగిపోతుంది.

అదే ఒక యూజెస్ అరుగు మీద కాకుండా వంటింట్లో ఉంటే చిక్కు లేదు. కుటుంబం అరుగు పూర్తిగా చదివాక, దాని వంటింట్లోకి వెళ్ళేటప్పుడు సభ్యుడు కావాలంటుంది. అప్పుడు సభ్యుడి అరుగు చదువుతుంది. అది కుటుంబం అరుగు కావాలంటే అప్పటికే సిద్ధంగా ఉంది. కథ సుఖాంతం. అందుకే పాస్కల్ పుస్తకాలన్నీ ఒకే సలహా చెబుతాయి: యూజెస్‌ను వీలైనంతవరకు ఇంప్లిమెంటేషన్‌లోకి దింపండి. ఒకరి పని ఒకరు పిలుచుకునే ప్రొసీజర్లకు ఈ సలహా సరిగ్గా సరిపోయింది.

అసలు తలనొప్పి క్లాసులు వచ్చాక మొదలైంది. 1985లో ఆపిల్ కంపెనీలో లారీ టెస్లర్ బృందం, విర్త్ సలహా కూడా తీసుకుని ఆబ్జెక్ట్ పాస్కల్ చేసింది. 1989లో టర్బో పాస్కల్ 5.5లో ఆబ్జెక్టులు వచ్చాయి. 1995 ఫిబ్రవరి 14న డెల్ఫీ వచ్చింది. క్లాస్ అంటే సమాచారమూ దానితో చేసే పనులూ కలిపి ఒకచోట కట్టిన మూట. ఒక క్లాసులో ఏయే గళ్ళు ఉన్నాయో, ఏ గడిలో ఏ రకం వస్తువు ఉందో అరుగు మీదే చెప్పాలి. సభ్యుడిలో 'పుట్టినిల్లు' అనే గడి ఉంటే, దాని రకం 'కుటుంబం' అని అరుగు మీదే రాయాలి. ఇక యూజెస్‌ను వంటింట్లోకి దింపే వీలు ఎక్కడిది? ప్రొసీజర్ల కాలంలో పనిచేసిన మందు క్లాసుల కాలంలో పనిచెయ్యలేదు.

డెల్ఫీ వాళ్ళు విర్త్ పాత సడలింపునే క్లాసులకూ ఇచ్చారు. క్లాసు పేరు మాత్రం చెప్పి, వివరం తర్వాత చెప్పవచ్చు. డెల్ఫీలో క్లాసు రకం గడిలో ఉండేది ఎలాగూ చిరునామాయే కాబట్టి చోటు లెక్క కుదురుతుంది. కానీ పాత షరతు పోలేదు. వివరం అదే టైపుల భాగంలోనే చెప్పాలి. ఇంకో యూనిట్‌లో ఉన్న క్లాసును ముందుగా పేరు పెట్టి పిలవడం కుదరదు.

కాబట్టి ప్రోగ్రామర్లు రకరకాల దారులు పట్టారు. మొదటిది, రెండు క్లాసులనూ ఒకే యూనిట్‌లో పెట్టడం. అంత దగ్గరి చుట్టరికం ఉన్నవాళ్ళు ఒకే ఇంట్లో ఉండటమే మేలని చాలామంది అనుభవజ్ఞులు ఇప్పటికీ అంటారు. డెల్ఫీతో వచ్చే సొంత యూనిట్లలోనే వేల పంక్తులవి ఉండటానికి ఇదొక కారణం. రెండోది, గడి రకాన్ని అన్ని క్లాసులకూ మూలమైన 'టీఆబ్జెక్ట్' అని రాసి, వంటింట్లో అది నిజానికి కుటుంబమేనని గుర్తుచేసుకోవడం. పని జరుగుతుంది గాని ఆ గడిలో పొరపాటున ఇంకేదో పెట్టినా కంపైలర్ పట్టుకోదు. మూడోది, పైపై లక్షణాలు మాత్రమే ఉన్న ఒక మూల క్లాసును మూడో యూనిట్‌లో పెట్టి, ఇద్దరూ దాన్నే చూడటం. నాలుగోది, 1997లో డెల్ఫీ 3తో వచ్చిన ఇంటర్‌ఫేస్ రకాలను అలాగే వాడటం. దీంట్లో ఇంకో చక్రం పొంచి ఉంటుంది. వీటిని ఎంతమంది పట్టుకున్నారో లెక్కపెట్టి, ఎవరూ పట్టుకోనప్పుడే మెమరీ వదులుతారు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుంటే లెక్క ఎప్పటికీ సున్నాకు రాదు, మెమరీ వదలదు. ఒక చక్రం తప్పించబోయి ఇంకో చక్రంలో పడ్డవాళ్ళు చాలామంది.

ఈ చిక్కు పాస్కల్ ఒక్కదానిదే అనుకోకండి. పాస్కల్ దారిలోనే పుట్టిన ఏడా భాషలోనూ ఇదే ఇబ్బంది. 2005 నాటి సవరణలో 'లిమిటెడ్ విత్' అనే కొత్త ఏర్పాటు పెట్టి, ఇంకో ప్యాకేజీలోని రకాన్ని పూర్తిగా తెలియకముందే పేరుతో వాడుకోనిచ్చారు. 1995లో వచ్చిన జావాలో క్లాసులు ఎటు నుంచి ఎటైనా చూసుకోవచ్చు, కంపైలర్ సర్దుకుంటుంది. 2009లో గూగుల్ నుంచి వచ్చిన గో భాషలో మాత్రం ప్యాకేజీల మధ్య చక్రం పూర్తిగా నిషేధం. దాన్ని రూపొందించిన ముగ్గురిలో ఒకరైన రాబర్ట్ గ్రీజ్‌మర్ జ్యూరిక్ ఈటీహెచ్‌లో చదివినవారే.

విర్త్ మాత్రం తన మాట మీదే ఉన్నారు. 1980ల రెండో సగంలో యూర్గ్ గుట్‌క్నెక్ట్‌తో కలిసి ఓబెరాన్ అనే భాషనూ, దాంతో ఒక పూర్తి కంప్యూటర్ వ్యవస్థనూ కట్టారు. అందులో మాడ్యూళ్ళ మధ్య చక్రం ఉండకూడదు. కింది మాడ్యూల్‌కు పైదాని పేరు తెలియదు. అవసరమైతే పై మాడ్యూలే వచ్చి "నీకు పనిబడితే ఈ ప్రొసీజర్‌ను పిలువు" అని అప్పగించి పోతుంది. ఒక పూర్తి వ్యవస్థ అలా నడిచింది. చక్రం లేకుండా పెద్ద పని చెయ్యవచ్చని ఆయన చేసి చూపించారు. ఆయన 2024 జనవరి 1న కన్నుమూశారు.

ఈ చరిత్ర అంతా చదువుతుండగా మాకు మా తప్పు తెలిసివచ్చింది. 68వ నంబరు తప్పును మేము యంత్రం పెట్టే పేచీ అనుకున్నాం. అడ్డొచ్చిన గళ్ళు తీసి పారేశాం. నిజానికి అది మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతోంది: ఈ సంబంధం ఎవరిది? కుటుంబం యూనిట్‌దా, సభ్యుడి యూనిట్‌దా? ఆలోచిస్తే రెండింటిదీ కాదు. పుట్టుక, పెళ్ళి, దత్తత వేటికవి ఉన్నవి. వాటికి తేదీ ఉంది, ఊరు ఉంది, సాక్షులున్నారు. మనం పెళ్ళిని అమ్మాయి వివరాల్లో ఒక గడిగా చూశాం. అది గడి కాదు, స్వయంగా ఒక నమోదు.

అందుకని ఇప్పుడు మూడో యూనిట్ రాశాం, పేరు 'సంబంధం'. కుటుంబం యూనిట్‌కు సభ్యుడు తెలియదు. సభ్యుడి యూనిట్‌కు కుటుంబం తెలియదు. సంబంధం యూనిట్‌కు ఇద్దరూ తెలుసు. ఫలానా మనిషి, ఫలానా ఇల్లు, పుట్టుక ద్వారా, ఫలానా సంవత్సరం. అదే మనిషి, ఇంకో ఇల్లు, పెళ్ళి ద్వారా, ఫలానా సంవత్సరం. ఒకరికి ఎన్ని ఇళ్ళైనా ఉండవచ్చు. మేనరికాలు చేసుకున్న ఇళ్ళలో ఒకే అమ్మాయి మేనకోడలుగానూ కోడలుగానూ రెండు వరసల్లో కనబడుతుంది, ఏదీ చెరిగిపోదు. యూనిట్ల మధ్య చక్రం లేదు, కంపైలర్ నోరెత్తలేదు. ఇది మేము కనిపెట్టింది కాదు. డేటాబేసులు రాసేవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నదే. మాకు ఆలస్యంగా అర్థమయింది, అంతే.

"కొత్త యాప్ ఏదైనా కొనేస్తే పోదా?" అని కొందరు తమ్ముళ్ళు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఇంటిపేరు, వరస, మేనరికం, రెండు ఊళ్ళలో ఒకే ఇల్లు, ఇవన్నీ అర్థం చేసుకునే యాప్ మాకు కనబడలేదు. మాస్టారు రాసిన ప్రోగ్రామ్‌లో మన లెక్క ఉంది. పైగా ఫ్రీ పాస్కల్ ఉచితం. ఫ్లోరియన్ క్లెంఫ్ల్ అనే జర్మన్ 1993లో మొదలుపెట్టింది ఇప్పటికీ చాలామంది కలిసి నడుపుతున్నారు. దాని మీద పనిచేసే లాజరస్‌లోకి మన రిజిస్టర్‌ను మార్చాం. మన పిల్లల్లో ఎవరికైనా నేర్చుకోవాలని ఉంటే ఆదివారం పూట సంఘం గదికి పంపండి, మేము చూపిస్తాం. మా తర్వాత దీన్ని చూసేవాళ్ళు కావాలి.

ఇక అసలు పని. మేము తీసేసిన గళ్ళలోని సమాచారం కంప్యూటర్‌లో పూర్తిగా లేదు. పాత కాపీల నుంచి కొంత దొరికింది, చాలా పేర్లు దొరకలేదు. షోలాపూర్ నుంచి భివండీకి, సూరత్‌కు, సిరిసిల్లకు, కరీంనగర్‌కు వెళ్ళిన ఆడబిడ్డల పేర్లు ఒక్కొక్క ఇల్లూ చెబితే తప్ప తిరిగి రావు. పేరు, పుట్టిన సంవత్సరం, పెళ్ళయిన సంవత్సరం, మెట్టినింటి ఇంటిపేరు, ఊరు, ఈ అయిదూ ఒక కాగితం మీద రాసి సంఘం గదిలో ఇవ్వండి. ఇక్కడ కామెంట్లలో పెట్టకండి, ఇంటి వివరాలు అందరి కంటా పడటం మంచిది కాదు. తెలుగులో రాయడం రాని పిల్లలు మరాఠీలో రాసినా సరే, మేము మార్చుకుంటాం. మీ అమ్మమ్మల, మేనత్తల పేర్లు కూడా రాయండి. వాళ్ళ పేర్లు చేతిరాత రిజిస్టర్లలోనూ చాలాచోట్ల లేవు, అక్కడ ఏ కంపైలరూ అడ్డుపడలేదు. ఆ లోటు మనదే.

సభలో లేచి అడిగిన పెద్దమ్మ ఇంటికి పోయిన వారం మేమే వెళ్ళాం. కొత్త రిజిస్టర్‌లో వాళ్ళ ఇంటి పేజీ తెరిచి చూపించాం. బిడ్డ పేరు పుట్టింటి కింద ఉంది, భివండీ ఇంటి కిందా ఉంది. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదువుకున్నారు. "మరి నా పేరు మా నాయన ఇంటి కింద ఉందా?" అని అడిగారు. లేదు. అప్పటికప్పుడు రాసుకున్నాం.